తలలో చుండ్రు, ముక్కు పక్కల పొలుసులు: సెబోరిక్ డెర్మటైటిస్‌ను అదుపులో ఉంచుకోవడం ఎలా?

రాజాం లెక్కల మాస్టారు రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. రాజాం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. వయసు ముప్పై ఆరు. తలలో చుండ్రు కాలేజీ రోజుల నుంచీ ఉన్నదే కాబట్టి దానిని జబ్బుగా ఎప్పుడూ లెక్కపెట్టలేదు. అయితే నిరుటి చలికాలం నుంచి ముక్కుకు రెండు పక్కలా, కనుబొమల్లో, చెవుల వెనుక మడతల్లో పసుపు ఛాయ గల పొలుసులు కడుతున్నాయి. గోటితో గీకితే అవి పొడిగా రాలవు, జిడ్డుగా గోటికే అంటుకుంటాయి. ముదురు రంగు చొక్కా వేసుకొని బోర్డు వైపు తిరిగితే భుజాల మీద రాలిన పొట్టు వెనుక బెంచీ వాళ్లకు కూడా కనిపిస్తుంది. ఏడో తరగతి పిల్లలు ఇలాంటివి చూడకుండా ఉండరు.

మందుల దుకాణంలో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రాసిన రెండు మూడు రోజులకే ముఖం తేటపడుతుంది, మానేసిన వారంలోపే మునుపటి కన్నా ఎక్కువగా తిరగబెడుతుంది. ఇంట్లో మా అమ్మగారు నా తల చూసినప్పుడల్లా "బుర్ర ఎండిపోనాది, నూనె రాయవేటి?" అంటారు. నూనె రాస్తే ఆ పూట పొట్టు అణిగినట్టు కనిపించినా మరునాటికి దురద పెరుగుతోంది. ఇది చుండ్రేనా, వేరే జబ్బా? పక్కన పడుకునే మా అబ్బాయికి అంటుకుంటుందా? శాశ్వతంగా పోయే మార్గం ఉందా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

వేదిక నిర్వాహకులు రాశారు:

వైద్యుల చీటీల ఫొటోలు, ముఖం కనిపించే ఫొటోలు ఇక్కడ పెట్టవద్దని మనవి. సలహాలు వైద్య పరీక్షకు బదులు కావని గుర్తుంచుకొని చర్చ కొనసాగించగలరు.

చర్మవైద్య విద్యార్థిని, శ్రీకాకుళం రాశారు:

మాస్టారూ, పరీక్షించకుండా రోగనిర్ధారణ చేయడం సరి కాదు గానీ, మీరు చెప్పిన చోట్లన్నీ సెబోరిక్ డెర్మటైటిస్ సాధారణంగా వచ్చే చోట్లే. తల, కనుబొమలు, ముక్కు పక్కల మడతలు, చెవుల వెనుక, చెవి రంధ్రం మొదట్లో, మగవారికి మీసం గడ్డాల కింద, రొమ్ము మధ్యలో, అంటే చర్మంలో నూనె గ్రంథులు దట్టంగా ఉన్న చోటల్లా ఇది కనిపిస్తుంది. నూనె గ్రంథులే లేని అరచేతులకు ఇది రాదు. తలమీద వాపు, మంట లేకుండా పొట్టు మాత్రమే రాలుతుంటే చుండ్రు అంటాము. అదే ముదిరి, చర్మం కమిలి, దురదతో ముఖానికి దిగితే సెబోరిక్ డెర్మటైటిస్ అంటాము. తేలిక రూపానికి ఒక పేరు, ముదురు రూపానికి ఇంకొక పేరు, అంతే.

దీనికి మూలం మురికి కాదు. మలసేజియా అనే ఈస్టు జాతి శిలీంధ్రం మనందరి చర్మం మీదా కాపురం ఉంటుంది. లూయీ షార్ల్ మలసే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1874లో చుండ్రు పొట్టులో ఈ జీవిని వర్ణించడం వల్లనే దానికి ఆ పేరు వచ్చింది. 2007లో దీని జాతుల్లో ఒకదాని జన్యుక్రమం వెలువడినప్పుడు తెలిసినది ఏమిటంటే, తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను తానే తయారు చేసుకునే ఏర్పాటు ఈ జీవికి లేదు. అందువల్ల అది మన చర్మం స్రవించే నూనెను తన ఎంజైములతో విడగొట్టి, అందులోని సంతృప్త కొవ్వు ఆమ్లాలను వాడుకొని, ఓలియిక్ ఆమ్లం వంటి వాటిని చర్మం మీదనే వదిలేస్తుంది. ఆ మిగిలిన ఆమ్లాలు కొందరి చర్మం పైపొరను దెబ్బతీస్తాయి. అప్పుడు చర్మకణాలు పూర్తిగా పక్వం కాకముందే గుంపులు గుంపులుగా ఊడివస్తాయి, అవే మీరు చూస్తున్న పొలుసులు. ఈస్టు అందరికీ ఉన్నా జబ్బు కొందరికే రావడానికి కారణం ఆయా చర్మాలు దానికి స్పందించే తీరులో ఉంది. కాబట్టి మీ అబ్బాయికి మీ నుంచి అంటుకునేది ఏమీ లేదు. ఆ ఈస్టు వాడి చర్మం మీద ఇప్పటికే ఉంది. మన వైపు చాలామందికి మెడ, వీపు మీద వచ్చే శోభి మచ్చలకు కూడా ఈ మలసేజియాయే కారణమని తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు.

యౌవనంలో నూనె స్రావం పెరిగాక మొదలై ముప్పై, నలభై ఏళ్ల వయసులో ఇది ఎక్కువగా బాధిస్తుంది, ఆడవారి కన్నా మగవారికి ఎక్కువ. నిద్ర చాలకపోయినా, మనసు మీద ఒత్తిడి పెరిగినా, చలికాలపు పొడి గాలికీ రేగుతుంది. పదో తరగతి పరీక్షల కాలంలో మీకు ఎక్కువవుతుందేమో గమనించండి.

శాశ్వతంగా పోతుందా అన్న ప్రశ్నకు జవాబు, పోదు, కానీ కనిపించకుండా ఉంచవచ్చు. చికిత్స విఫలమైందని మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది పొట్టు పోగానే మందు షాంపూ మానేసినవారే. చర్మం మీద ఈస్టు ఎప్పటికీ ఉంటుంది కాబట్టి, తగ్గాక కూడా తక్కువ మోతాదులో కొనసాగించాలి. తలకు సాధారణంగా సూచించేది 2 శాతం కీటోకొనజోల్ షాంపూ, వారానికి రెండుసార్ల చొప్పున నాలుగు వారాలు, ఆ తరువాత వారానికో రెండు వారాలకో ఒకసారి. దీనిని వెంట్రుకలకు పూసి వెంటనే కడిగేస్తే డబ్బు దండగ. పాపిళ్లు తీసి, వేళ్ల కొనలతో తలచర్మానికి పట్టించి, మూడు నుంచి ఐదు నిమిషాలు నురుగును అలాగే ఉంచి అప్పుడు కడగాలి. ఆ నురుగునే కనుబొమలకూ చెవుల వెనుకకూ కూడా, కళ్లలో పడకుండా, రాయవచ్చు. జింక్ పైరిథియోన్, సెలీనియం సల్ఫైడ్, సైక్లోపిరాక్స్ ఉన్న షాంపూలు కూడా పనిచేస్తాయి. పెచ్చులు మందంగా కట్టినప్పుడు సాలిసిలిక్ ఆమ్లం ఉన్నవి వాటిని మెత్తబరుస్తాయి. ముఖానికి కీటోకొనజోల్ లేదా క్లోట్రిమజోల్ క్రీము చాలామందికి సరిపోతుంది.

మన చామనఛాయ చర్మం విషయంలో ఒక మాట. పుస్తకాల్లో "ఎర్రని మచ్చలు" అని రాసి ఉంటుంది గానీ మన చర్మం మీద ఆ ఎరుపు సులువుగా తెలియదు. ముక్కు పక్కన, కనుబొమల చుట్టూ చుట్టుపక్కల చర్మం కన్నా పాలిపోయిన మచ్చగానో, కొందరికి నల్లబడినట్టుగానో కనిపిస్తుంది. బొల్లి అని బెంగపెట్టుకొని వచ్చేవారు ఉన్నారు. జబ్బు అదుపులోకి వస్తే ఆ పాలిపోయిన రంగు కొన్ని వారాలకు తనంతట సర్దుకుంటుంది.

ఉద్దానం కొబ్బరితోట రాశారు:

అమ్మా, మీరు చదువుకున్నవారు, మీ మాటను కాదనను. కానీ నూనె మీద నింద పడుతున్నట్టు ఉంది కాబట్టి ఒక మాట చెప్పాలి. మాది కవిటి దగ్గర. 2018లో తిత్లీ తుపాను మా తోటను చాలావరకు నేలకూల్చినా, మిగిలిన చెట్ల కాయతోనే ఇప్పటికీ ఇంటికి కావలసిన నూనె ఆడించుకుంటున్నాము. మా అమ్మగారికి ఎనభై దాటాయి, ఇంకా జడ వేసుకుంటారు, ఆవిడ తలలో పొట్టు నేను ఏనాడూ చూడలేదు. కొబ్బరినూనెలో లారిక్ ఆమ్లం ఉందనీ అది సూక్ష్మజీవులను చంపుతుందనీ చదివాను. 2021లో మన దేశపు ఆడవారి మీదనే జరిగిన ఒక అధ్యయనంలో కొబ్బరినూనె వల్ల తలమీద మేలు చేసే సూక్ష్మజీవులు పెరిగాయని పత్రికల్లో వచ్చింది. ఇన్ని తరాల అలవాటు తప్పు ఎలా అవుతుంది?

చర్మవైద్య విద్యార్థిని, శ్రీకాకుళం రాశారు:

మీరు చెప్పిన అధ్యయనం నిజమేనండీ, దానిని తోసిపుచ్చను. మామూలు తలకు, పొడిబారిన వెంట్రుకకు కొబ్బరినూనె మేలే చేస్తుంది. మీ అమ్మగారికి ఈ జబ్బు లేదు, కాబట్టి ఆవిడకు నూనె వల్ల ఇబ్బంది రాలేదు. ఇక్కడి ప్రశ్న వాపు, దురద ఉన్న తల గురించి. మలసేజియాను ప్రయోగశాలలో పెంచవలసి వస్తే పోషక పదార్థం మీద ఆలివ్ నూనె వంటిది చేర్చాలి, లేకపోతే ఆ జాతుల్లో ఎక్కువ భాగం పెరగవు. అలాంటి జీవికి రాత్రంతా తల నిండా నూనె పెట్టి తుండుగుడ్డ చుట్టి పడుకోవడం విందు పెట్టడమే. పైగా నూనె రాసినప్పుడు పొట్టు చర్మానికి అతుక్కొని కంటికి కనిపించదు, దానిని తగ్గడం అనుకుంటాము. మాస్టారి అనుభవం కూడా అదే చెబుతోంది కదా.

పూర్తిగా మానమని నేను అనను. జబ్బు రేగి ఉన్నంత కాలం మానండి. అణిగాక నూనె లేకపోతే వెంట్రుక బిరుసెక్కుతుంది అనుకునేవారు తలకు కాక వెంట్రుకల పొడవుకు రాసుకోండి, లేదా తలంటుకు కొంచెం ముందు రాసి ఆ పూటే కడిగేయండి. రాత్రంతా ఉంచే పద్ధతి మాత్రం ఈ జబ్బు ఉన్నవారికి కలిసిరాదు.

ఉద్దానం కొబ్బరితోట రాశారు:

సరే, ఇందులో న్యాయం ఉంది. నువ్వుల నూనె, ఆముదం రాసేవారి సంగతి కూడా ఇంతేనా?

చర్మవైద్య విద్యార్థిని, శ్రీకాకుళం రాశారు:

అంతేనండీ. చెట్టు నూనెలన్నీ కొవ్వు ఆమ్లాలతో కూడినవే. లిక్విడ్ పారఫిన్ వంటి ఖనిజ నూనెల్లో కొవ్వు ఆమ్లాలు ఉండవు కాబట్టి అవి ఈస్టుకు ఆహారం కావు. పెచ్చు మెత్తబరచడానికి ఏదో ఒక నూనె తప్పనిసరి అయితే వాటిని వాడుకోవచ్చు.

బొబ్బిలి ఫార్మసిస్టు రాశారు:

మందుల దుకాణం నడిపే వాడిగా మాస్టారి ట్యూబు గురించి రాయకుండా ఉండలేను, ఎందుకంటే ఈ చర్చలో అన్నిటికన్నా ప్రమాదకరమైన విషయం నాకు అదే అనిపించింది. మాస్టారూ, ఆ ట్యూబు వెనుక చిన్న అక్షరాలు చదవండి. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్, బెక్లోమెథాసోన్ వంటి పేరు ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్. దానితో పాటు ఒక శిలీంధ్ర నాశని, ఒక యాంటీబయాటిక్ కలిపిన ట్యూబులు మార్కెట్లో కొల్లలు. దురద, గజ్జి, తామర, మొటిమ, నల్లమచ్చ, దేనికి వచ్చిన వారికైనా అదొక్కటే చేతిలో పెట్టే దుకాణాలు ఉన్నాయని నా వృత్తిలోని వారికి చెప్పనక్కరలేదు. ఘాటైన స్టెరాయిడ్లను వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడదన్నది నిబంధన. కౌంటరు ముందు నిలబడిన మనిషికి రెండు రోజుల్లో గుణం కనిపిస్తుంది కాబట్టి తిరిగి అదే అడుగుతాడు, ఇచ్చేవారు ఇస్తూనే ఉంటారు.

స్టెరాయిడ్ వాపును వెంటనే అణుస్తుంది, అందుకే ముఖం తేటపడుతుంది. కానీ ఘాటైన రకాన్ని వారాల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడి సన్నని రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, మొటిమల వంటి పొక్కులు లేస్తాయి, ఆడవారికి ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి, మానేయగానే మంట, ఎరుపు ఇదివరకటి కన్నా ఎక్కువగా విరుచుకుపడతాయి. కనుబొమల దగ్గర రాసేది కంటి దాకా చేరి కంటిలో ఒత్తిడి పెంచవచ్చు, శుక్లం తెప్పించవచ్చు. చర్మవైద్యులు దీనికి స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం అని ప్రత్యేకంగా పేరే పెట్టారు.

అలాగని స్టెరాయిడ్ మాటే ఎత్తకూడదని కాదు. జబ్బు బాగా రేగినప్పుడు 1 శాతం హైడ్రోకార్టిసోన్ వంటి తేలిక రకాన్ని కొద్ది రోజులు రాయమని వైద్యులే చెబుతారు. అది కూడా చెప్పినన్ని రోజులే. మీరు చాలాకాలంగా ఘాటు రకం వాడుతూ ఉంటే ఒక్కసారిగా ఆపి బాధపడకండి, ఎలా తగ్గించుకోవాలో వైద్యుడిని అడగండి. శ్రీకాకుళం, విజయనగరం రెండు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రులు ఉన్నాయి. ఆ ట్యూబును మాత్రం తప్పకుండా వెంట తీసుకువెళ్లండి, ఏమి వాడారో వైద్యుడికి తెలియడం ముఖ్యం.

చీపురుపల్లి సెలూన్ రాశారు:

రోజూ పదుల తలలు చూసే వృత్తి నాది, అందువల్ల కొన్ని సంగతులు చెప్పగలను. తల్లులు పిల్లలను తెచ్చి చుండ్రు అంటారు, దగ్గరగా చూస్తే ఈపులు, అంటే పేను గుడ్లు. తెలుసుకోవడం తేలిక. పొట్టును వేలితో తోస్తే వెంట్రుక మీద జారిపోతుంది. ఈపి వెంట్రుక మొదట్లో ఒక పక్కగా అతుక్కొని ఉంటుంది, రెండు గోళ్ల మధ్య పట్టి లాగితే తప్ప రాదు.

రెండో సంగతి, చుండ్రు పోవడానికి గుండు చేయించుకుంటామని వచ్చేవారు చాలామంది. మొక్కు ఉండి తలనీలాలు ఇస్తే అది వేరే విషయం. గుండు చేయించిన కొన్నాళ్లు పొట్టు నిలిచే చోటు లేక తేటగా ఉంటుంది, జుట్టు మొలిచాక అదీ వస్తుంది. గడ్డం సంగతి వేరు. గుబురు గడ్డం కింద చర్మం పొట్టు కట్టిన కుర్రవాళ్లు గడ్డం తీయించుకోగానే చాలావరకు బాగుపడటం నేను చూశాను.

దీనివల్ల జుట్టు ఊడి బట్టతల వస్తుందా అని అందరూ నన్ను అడుగుతారు. దీనికి జవాబు డాక్టరమ్మ చెబితే బాగుంటుంది.

చర్మవైద్య విద్యార్థిని, శ్రీకాకుళం రాశారు:

ఈపి గురించి మీరు చెప్పిన పరీక్షనే మేము కూడా చేస్తామండీ. గడ్డం విషయం కూడా నిజమే, వైద్య గ్రంథాల్లోనూ ఉంది.

ఈ జబ్బు వెంట్రుక కుదుళ్లను చంపదు. వాపు వల్ల, అదే పనిగా గోకడం వల్ల కొంత జుట్టు రాలవచ్చు, అదుపులోకి వస్తే తిరిగి మొలుస్తుంది. వంశపారంపర్యంగా వచ్చే బట్టతల దీని పక్కనే నడుస్తుంటే మాత్రం నింద దీని మీద పడుతుంది. బడి వయసు పిల్లల తలలో గుండ్రంగా జుట్టు ఊడి, మొదళ్లలో తెగిపోయిన వెంట్రుకలు, పొట్టు కలిసి కనిపిస్తే అది చుండ్రు కాదు, తలకు వచ్చిన తామర. అది అంటువ్యాధి, దానికి నోటి ద్వారా మందు కావాలి, షాంపూతో పోదు. ఇక తలలో మందమైన వెండి రంగు పొలుసులు హద్దు గీసినట్టు నుదుటి దాకా వచ్చి, మోచేతులు, మోకాళ్ల మీద కూడా ఉంటే, గోళ్లలో సూది గుచ్చినట్టు గుంటలు ఉంటే, సోరియాసిస్ అనే వేరే చర్మవ్యాధి కావచ్చు.

నెల్లిమర్ల నుంచి ఒక అమ్మ రాశారు:

అక్కా, మా పాపకు మూడో నెల. మాడు మీద పసుపు రంగు పెచ్చు కట్టింది, కనుబొమలకు కూడా కొంచెం ఉంది. మా అత్తగారు రోజూ మాడుకు ఆముదం పెడతారు, స్నానమయ్యాక సాంబ్రాణి పొగ వేస్తారు. మాడు మెత్తగా ఉంటుంది కదా, అక్కడ రుద్దితే పాపకు ఏమైనా అవుతుందని నాకు భయం. దురద ఉన్నట్టు పాప ఏడవడం లేదు, పాలు బాగానే తాగుతోంది. ఇది కూడా ఆ జబ్బేనా?

చర్మవైద్య విద్యార్థిని, శ్రీకాకుళం రాశారు:

పసిపిల్లల్లో వచ్చే రూపం ఇదేనమ్మా. పెద్దవారిలా ఏళ్ల తరబడి ఉండదు, ఎక్కువమందికి ఏడాది నిండేలోపు తనంతటే పోతుంది. పిల్లలను ఇది పెద్దగా బాధించదు కూడా. మాడు కింద ఎముక ఇంకా కలవకపోయినా, గట్టి పొర కప్పి ఉంటుంది, వేళ్ల మెత్తదనంతో నెమ్మదిగా రుద్దితే ఏమీ కాదు. భయపడి అసలు ముట్టుకోకపోవడం వల్లనే అక్కడ పెచ్చు పేరుకుంటుంది.

స్నానానికి ముందు పెచ్చు మీద కొద్దిగా బేబీ ఆయిల్ రాసి, మెత్తబడ్డాక పలుచని నూలు గుడ్డతో నిదానంగా రుద్ది, పిల్లల షాంపూతో నూనె మిగలకుండా కడగండి. గోటితో పెరకవద్దు, పుండు పడుతుంది. సున్నిపిండితో రుద్దవద్దు. ఆముదం పెట్టి మరునాటి దాకా ఉంచడం మానుకోమని అత్తయ్యగారికి మెల్లగా చెప్పండి. వద్దంటే వినరు, "స్నానానికి ముందే పెడదాం అత్తయ్యా" అంటే వింటారు. సాంబ్రాణి పొగ ఈ పెచ్చుకు చేసేది ఏమీ లేదు, పసి ఊపిరితిత్తులకు మాత్రం మంచిది కాదు. రసి కారినా, మెడ మడతలకూ తొడల సందుకూ వ్యాపించినా, విరేచనాలతో పాటు బరువు పెరగడం ఆగినా ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యుడికి చూపించండి.

ఆమదాలవలస రైల్వే రాశారు:

మా నాన్నగారికి పార్కిన్సన్స్ జబ్బు. రెండేళ్లుగా ఆయన ముఖమంతా జిడ్డోడుతూ కనుబొమలు, నుదురు పొలుసులు కడుతున్నాయి. సరిగా కడగడం లేదని ఇంటికి వచ్చిన బంధువులు మా అమ్మను దెప్పుతున్నారు. రెంటికీ సంబంధం ఉందా?

చర్మవైద్య విద్యార్థిని, శ్రీకాకుళం రాశారు:

ఉందండీ. పార్కిన్సన్స్ ఉన్నవారిలో నూనె స్రావం పెరగడం, సెబోరిక్ డెర్మటైటిస్ ఎక్కువగా రావడం ఎప్పటి నుంచో తెలిసిన విషయమే. మీ అమ్మగారి సేవలో లోపం ఏమీ లేదని ఆ బంధువులకు నా మాటగా చెప్పండి. ఆయన చేతులు వణుకుతాయి కాబట్టి షాంపూ ఇంకొకరు పట్టించి, నిమిషాలు చూసుకొని కడగడం అవసరం.

ఇదే సందర్భంలో ఇంకొకటి చెప్పాలి. ఇదివరకు ఏమీ లేని మనిషికి ఉన్నట్టుండి ముఖం, రొమ్ము, తల అంతటా తీవ్రంగా వచ్చి ఏ మందుకూ లొంగకపోతే హెచ్‌ఐవీ పరీక్ష చేయించమని వైద్యులు అడుగుతారు, ఎందుకంటే రోగనిరోధక శక్తి తగ్గినవారిలో ఇది చాలా ఎక్కువ. అడిగినంత మాత్రాన అవమానపడవద్దు. మామూలుగా తగ్గుతూ రేగుతూ వచ్చే మాస్టారి లాంటి వారికి ఈ భయం అక్కరలేదు.

గరివిడి గృహిణి రాశారు:

నిమ్మరసం, పుల్లటి పెరుగు, మెంతుల ముద్ద, వేపాకు నీళ్లు, కుంకుడుకాయ, వీటిలో ఏదీ పనిచేయదా? షాంపూలో రసాయనాలు అని భయం.

బొబ్బిలి ఫార్మసిస్టు రాశారు:

అమ్మా, కుంకుడు రసం నూనెను బాగా వదలగొడుతుంది, అంతవరకు మేలే, కానీ ఈస్టును అదుపు చేయగల మందు కాదు. కళ్లలో పడితే ఎంత మండుతుందో మనందరికీ చిన్నప్పటి నుంచి తెలిసినదే. నిమ్మరసం కమిలిన చర్మాన్ని ఇంకా మండిస్తుంది, రాసుకొని ఎండలోకి వెళితే నల్లమచ్చలు పడవచ్చు. మెంతులు, పెరుగు తలను మెత్తగా ఉంచుతాయి, చుండ్రు తగ్గిస్తాయనడానికి గట్టి ఆధారాలు లేవు. 5 శాతం టీ ట్రీ నూనె కలిపిన షాంపూతో జరిగిన ఒక చిన్న ప్రయోగంలో కొంత గుణం కనిపించింది, అయితే అది కొందరికి పడదు. రసాయనాల మాటకు వస్తే, కీటోకొనజోల్ షాంపూ నుంచి శరీరంలోకి ఇంకేది దాదాపు శూన్యం.

రాజాం లెక్కల మాస్టారు రాశారు:

సంక్రాంతి సెలవులు అయిపోయాయి, ఇంతవరకు జరిగినది రాయడం నా బాధ్యత. ఫార్మసిస్టు గారు ఊహించినట్టే ట్యూబులో క్లోబెటసాల్ ఉంది. దానిని పట్టుకొని శ్రీకాకుళంలో చర్మవైద్యులకు చూపించాను. వారు సెబోరిక్ డెర్మటైటిస్ అనే నిర్ధారించి, తలకు కీటోకొనజోల్ షాంపూ, ముఖానికి టాక్రోలిమస్ లేపనం రాశారు. ట్యూబు ఆపాక కొన్నాళ్లు ముఖం ఉడికినట్టు కందిపోయింది, బడిలో అందరూ ఎండ దెబ్బా అని అడిగారు. ఇప్పుడు ముక్కు పక్కల పొలుసు లేదు, తలలో చాలావరకు తగ్గింది.

భోగినాడు తలంటు విషయంలో ఇంట్లో చిన్న చర్చ జరిగింది. మా అమ్మగారి మాట కాదనలేక తెల్లవారుజామున నూనె పెట్టించుకొని, నలుగు ఒంటికి మాత్రమే పెట్టించుకొని, కుంకుడు రసంతో నూనె వదలగొట్టి, పైన మందు షాంపూ పట్టించి కడిగాను. అటు పండగా జరిగింది, ఇటు దురదా రాలేదు.

రెండు సందేహాలు మిగిలాయి. లేపనం రాసిన పది నిమిషాల వరకు చురుక్కుమంటుంది, ఇది పడకపోవడమా? రోజంతా సుద్దముక్క పొడిలో ఉండటం దీనికి కారణమా?

చర్మవైద్య విద్యార్థిని, శ్రీకాకుళం రాశారు:

టాక్రోలిమస్ మొదట్లో చాలామందికి చురుక్కుమంటుంది, వాపు తగ్గేకొద్దీ ఆ మంట కూడా తగ్గుతుంది. ముఖం కడిగిన వెంటనే తడి మీద కాకుండా పూర్తిగా ఆరాక రాయండి. ఓర్వలేనంత ఉంటే మీ వైద్యుడికి చెప్పండి, మందు మార్చవచ్చు. ఇది స్టెరాయిడ్ కాదు, చర్మాన్ని పలచబరచదు, అందుకే ముఖానికి, కనురెప్పల దగ్గరకు దీనిని ఎంచుకుంటారు.

సుద్దపొడి కారణం కాదు. దాని వల్ల చర్మం పొడిబారి చిరాకు పెట్టవచ్చు, ఇంటికి రాగానే ఘాటు లేని సబ్బుతో కడుక్కుంటే చాలు, పొలుసు పోవాలని గట్టిగా రుద్దవద్దు. వేసవిలో చెమటకు మళ్లీ రేగే అవకాశం ఉంది, హెల్మెట్ లోపలి గుడ్డ ఉతుకుతూ ఉండండి. రేగినట్టు అనిపిస్తే తిరిగి వారానికి రెండుసార్ల షాంపూకు వెళ్లండి, అణిగాక తగ్గించండి. ఈ హెచ్చుతగ్గులు మీ చేతిలోనే ఉంటాయి, ప్రతిసారీ ఆసుపత్రికి రానక్కరలేదు.

బొబ్బిలి ఫార్మసిస్టు రాశారు:

షాంపూ కొనేటప్పుడు సీసా మీద బొమ్మ కాక మందు పేరు, శాతం చూడండి. ఒకే పేరుతో కీటోకొనజోల్ మాత్రమే ఉన్నదీ, దానికి జింక్ పైరిథియోన్ కలిపినదీ దొరుకుతాయి. వైద్యుడు రాసినది ఏదో అదే అడగండి. మీ బోరునీళ్లు ఉప్పగా ఉంటే నురుగు సరిగా రాదు, అప్పుడు షాంపూ ఎక్కువ పోయడం కన్నా కొంచెం మంచినీళ్లతో తల తడుపుకోవడం చవక.

ఉద్దానం కొబ్బరితోట రాశారు:

మా చిన్నవాడికి కూడా కనుబొమల్లో ఇదే మొదలైందని ఈ చర్చ చదివాకే గమనించాము. ఇంట్లో తీర్మానం అయింది: వాడికి నూనె ఆదివారం తలంటుకు ఒక గంట ముందు, అంతే. మిగతా నూనె కూరలోకి. గంట ఎక్కువా అమ్మా?

చర్మవైద్య విద్యార్థిని, శ్రీకాకుళం రాశారు:

ఎక్కువ కాదండీ. కనుబొమలు బాగుపడేదాకా మాత్రం ఆ గంట కూడా వద్దు.